ఏదైనా పర్లేదు, డార్లీన్

ఒరేయ్ అభిరామ్, ఆ చెయ్యి తియ్యి. ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి ‘వద్దంకుల్, చాలు’ అన్నావు, బాగానే ఉంది. కానీ వేళ్ళ మధ్య అంత సందు ఎందుకు వదిలావురా? ఆ సందులోంచి రెండు ముక్కలు జారిపడాలనే గదా? నీకు పులావు కావాలి. కాకపోతే మీ ఆంటీ ఇంకోసారి బతిమాలాలి. ఆవిడ బతిమాలుతుందిలే, ఆవిడది సామర్లకోట. ఈ విన్నిపెగ్‌లో నిన్ను రెండోసారి అడిగేవాళ్ళు ఈ ఇంట్లో తప్ప ఎక్కడా దొరకరు. కరీంనగర్ నుంచి వచ్చి నెల తిరగలేదు, అప్పుడే నీ ప్యాంటు బెల్టు మీద వేలాడుతోంది. పోయిన వారం ఎవరో క్లాస్‌మేట్ ఇంట్లో కేకు ఇస్తే ‘నో థాంక్యూ’ అన్నావట. వాళ్ళు సరేనని డబ్బా మూసేశారట. నువ్వు రూముకొచ్చి ఉత్త బ్రెడ్డు నమిలావట. అలా చూడకు, నీ రూమ్మేటే చెప్పాడు.

సరే, ముందు తిను. తింటూ నా మాట విను. నీలాంటి మొహమాటస్తుడు ఒకడు పోయిన సెప్టెంబరులో నా చేతికి చిక్కాడు. వాడికి నేను ఇంగ్లీషు నేర్పాను. నవ్వకు. తునిలో ఎనిమిదో తరగతితో చదువాపినవాడు ఇంగ్లీషు నేర్పకూడదని ఈ దేశంలో చట్టమేమీ లేదు.

నేను పనిచేసేది రైలు పట్టాల పక్కనున్న బ్రెడ్ ఫ్యాక్టరీలో అని తెలుసుగా. ముక్కలుగా కోసి సంచుల్లో పడ్డ బ్రెడ్డుని ట్రేల్లో సర్దడం, ట్రేలని చక్రాల ర్యాకుకి ఎక్కించడం నా పని. మా సూపర్‌వైజర్ డార్లీన్. పొట్టి మనిషి, గట్టి గొంతు. నా పేరు వీర్రాజు అని పలకడం కష్టమని రాజూ అంటుంది. ఏటా సెప్టెంబరులో ఒక సోమవారం, పొద్దున షిఫ్టు మొదలవకముందు, ఆవిడ లంచ్ రూముకొచ్చి అక్టోబరు నుంచి మొదలయ్యే ఏడాదికి ఎవరికి ఎప్పుడు సెలవులు కావాలో అడుగుతుంది. ముందు చేరినవాళ్ళకి ముందు అడిగే హక్కు. మా షిఫ్టులో అందరికంటే పాతవాణ్ణి నేను. అంటే మొదటి ప్రశ్న నాకే.

‘రాజూ, నీకెప్పుడు కావాలి?’ అని అడుగుతుంది. ‘ఎనీథింగ్ ఈజ్ ఫైన్, డార్లీన్’ అంటాను నేను.

అని తల వంచుకుని, కప్పులో లేని చక్కెరని చెంచాతో కలుపుతూ ఎదురుచూస్తాను. ఎందుకో నీకు వేరే చెప్పాలా? మన ఇళ్ళల్లో కాఫీ ఇస్తే మొదటిసారి ‘ఇప్పుడే తాగొచ్చామండీ’ అంటాం. రెండోసారి ‘మీకెందుకండీ శ్రమ’ అంటాం. మూడోసారికి గ్లాసు మన చేతిలో ఉంటుంది. మొదటి మాటకే ఊ అన్నవాడి గురించి వాడు వెళ్ళాక ఏమనుకుంటారో మనకి తెలుసు. అందుకని నేను రెండో అడుగు కోసం కాచుకుని కూర్చుంటే, డార్లీన్ ‘ఓకే, గ్రేట్’ అని పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఒకడు జూలైలో చేపలు పడతానంటాడు, ఒకామె క్రిస్మస్‌కి అమ్మ దగ్గరికంటుంది. అందరూ ఎవరిది వాళ్ళు తీసేసుకున్నాక నాకు ఏప్రిల్ వస్తుంది.

విన్నిపెగ్ ఏప్రిల్ ఇంకా చూడలేదు కదూ నువ్వు. చలికాలమంతా మంచు కింద దాక్కున్న చెత్త మొత్తం ఒక్కసారి బయటపడుతుంది. చెట్లకి ఆకు ఉండదు, సరస్సుల మీద మంచు కరగదు, రోడ్డు మీద బురద ఆరదు. ఆ బురదలో నేను ఏళ్ళ తరబడి సెలవులు గడిపాను. కారు కడుక్కునేవాణ్ణి. కడిగిన గంటకి మళ్ళీ అలాగే ఉండేది. మీ ఆంటీ సణిగితే, ఈ నెలలో ఊరంతా మనదేనే, పార్కింగ్ ఎక్కడ చూసినా ఖాళీ అని జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

కానీ పోయిన ఏడాది జోకుతో పోయేలా లేదు. కాల్గరీలో ఉన్న మా ఇషితకి తొలి కాన్పు. డాక్టరు ఇచ్చిన తేదీ క్రిస్మస్‌కి వారం ముందు. మీ ఆంటీ డిసెంబరు మొదట్లోనే వెళ్ళడానికి టికెట్ తీసేసుకుంది. ఇషిత ఫోను చేసి, “డాడ్, యు విల్ బి దేర్, రైట్?” అంది. ఈ ఊళ్ళోనే పెరిగిన పిల్ల, తెలుగులో అడగమంటే నవ్వుతుంది. అదేం ప్రశ్నే అన్నాను. ఫోను పెట్టేశాక డార్లీన్ సోమవారం గుర్తొచ్చింది. డిసెంబరంటే బ్రెడ్ ఫ్యాక్టరీకి పెళ్ళిళ్ళ సీజన్. షిఫ్టుకి ఒక్కడికే సెలవిస్తారు. డార్లీన్ నన్ను దాటి ఒక్క అడుగు వేసిందా, ఆ సెలవు ఇంకొకరిది. నేను ఏప్రిల్‌లో వెళ్ళేసరికి మనవడో మనవరాలో బోర్లా పడి నన్ను చూసి ఎవడీ ముసలాడు అనుకుంటారు.

“ఈసారైనా నోరు తెరిచి అడుగుతారా?” అంది మీ ఆంటీ.

“ఊళ్ళో అందరినీ ఏడిపించే నోరే ఇది. నా కూతురి కోసం అడగలేనా?” అన్నాను.

ఆవిడ నా మొహం కేసి ఓసారి చూసి, చిక్కుళ్ళు తుంచుకుంది.

ఆ సోమవారానికి ఇంకా రెండు వారాలుందనగా కాల్గరీ నుంచి మా బావమరిది చక్రధర్ దిగాడు. మీ ఆంటీకి తమ్ముడు. హైదరాబాదులో చదువుకుని ఇక్కడికొచ్చినవాడు, కంప్యూటర్ ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఏం చేస్తాడో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు, నేనూ అడగలేదు. నాకు తెలిసిందల్లా వాణ్ణి ఏడిపించడం. కొత్తగా కెనడా వచ్చినప్పుడు వాడికి చెప్పాను, మొదటి మంచు పడ్డ రోజు వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టి శుభాకాంక్షలు చెప్పాలి, ఇక్కడి మర్యాద అని. వెర్రివాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి చివరి దాకా వెళ్ళొచ్చాడు. ఒక పెద్దాయన లోపలికి పిలిచి సూప్ కూడా తాగించి పంపాడు.

ఈసారి వాణ్ణి కంపెనీ పని మీద విన్నిపెగ్ పంపారన్నాడు. మొదటి రోజే అన్నం దగ్గర మొహం వేలాడేసుకున్నాడు. సంగతేంట్రా అంటే ముందు చెప్పలేదు. మీ ఆంటీ గుచ్చి గుచ్చి అడిగితే కక్కాడు. కాల్గరీలో ఉంటావా, టొరంటో పక్కన వాన్ అనే ఊరికి మారతావా, నీకేది ఇష్టం అని మేనేజర్ అడిగాడట. వీడు ఏదైనా పర్లేదు అన్నాడట. ఇల్లు కొనుక్కున్నాడు, పిల్లలు బడిలో ఉన్నారు, పెళ్ళానికి అక్కడే ఉద్యోగం. అయినా ఏదైనా పర్లేదన్నాడు. మేనేజర్ మళ్ళీ అడగలేదు. ఇప్పుడు వాన్‌కి పంపేలా ఉన్నారు, ఆఖరిసారి మాట్లాడటానికి రెండు వారాలే టైముంది అన్నాడు.

“నీకు ఇంగ్లీషు వచ్చుగదరా, పొద్దస్తమానం ఫోనులో దంచుతుంటావు” అన్నాను.

“కంప్యూటర్ గురించి ఎంతైనా మాట్లాడతాను బావా. నాకేం కావాలో చెప్పమంటేనే నోరు పెగలదు. నీకైతే ఎవరిముందైనా జంకూ గొంకూ ఉండదు. నువ్వే నేర్పాలి.”

అభిరామ్, ఆ మాట వినగానే నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఇన్నేళ్ళలో నా ఇంగ్లీషుని చూసి నవ్వనివాడు మా చుట్టాల్లో ఒక్కడూ లేడు. అలాంటిది సాఫ్ట్‌వేర్ బావమరిది నా ముందు చేతులు కట్టుకున్నాడు. నేర్పుతాను, కానీ చెప్పినట్టు వినాలన్నాను. వింటానన్నాడు.

పాఠాలకి సరుకు కావాలిగా. లంచ్ రూములో చెవులు రిక్కించి కూర్చున్నాను. మా దగ్గర రోడెల్ అని ఫిలిప్పీన్స్ మనిషి ఉన్నాడు, నాకు పదేళ్ళ స్నేహితుడు. వాణ్ణి పట్టుకుని, నచ్చితే ఏమంటారు, నచ్చకపోతే ఏమంటారు, రెండిట్లో ఒకటి కావాలంటే ఎలా అడుగుతారు అని బుర్ర తినేశాను. రోజూ ఇంటికొచ్చి చక్రధర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి అప్పజెప్పేవాణ్ణి.

‘టు బి ఆనెస్ట్’ అంటే గొంతు సవరించుకోవడం లాంటిదిరా, అసలు మాట వెనకాల వస్తోందని అవతలివాడికి కబురు పెట్టడం అన్నాను. ‘ఐడ్ రాదర్’ అంటే రెండు చీరలు చూపిస్తే ఒకదాని మీద చెయ్యి వెయ్యడం. రెండో చీర బాగాలేదని అనక్కర్లేదు. ‘ఐయామ్ నాట్ టూ కీన్ ఆన్ ఇట్’ అంటే నాకది అస్సలు వద్దు, కానీ నీ మనసు నొప్పించను. ‘ఐ కాంట్ స్టాండ్ ఇట్’ అంటే నీ మనసు నొచ్చినా ఫరవాలేదు. ‘ఐడ్ లవ్ టు’ అంటే అడగడం ఆలస్యం, చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డానని. ఇక్కడివాళ్ళు ‘నాట్ బ్యాడ్’ అంటే పొంగిపోవాలి, వాళ్ళకి అంతకన్నా పొగడటం రాదు. ఇక ‘ఐ డోంట్ మైండ్’ అనేది మన ‘మీ ఇష్టం’కి కవల పిల్ల. అది మా ఇంట్లో నిషేధం.

నిషేధమంటే నోటిమాట కాదు. వాడు ‘మీ ఇష్టం బావా’ అన్నా, ‘ఏదైనా పర్లేదక్కా’ అన్నా, ఒక గ్లాసు పచ్చి కాకరకాయ రసం. మీ ఆంటీ కిలో కాకరకాయలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. పెసరట్టా ఉప్మానా అంటే వాడు అలవాటుగా మీ ఇష్టం అనేవాడు. గ్లాసు వచ్చేది. కళ్ళు మూసుకుని గుటకేసేవాడు. పైగా ఈ మాటలు చెప్పేటప్పుడు కుడిచెయ్యి గుండె మీద పెట్టుకోవాలి, కెనడాలో అదే పద్ధతి అని కూడా నేర్పాను. మూడు రోజులు వాడు గుండె మీద చెయ్యేసుకుని ‘ఐడ్ రాదర్ హావ్ పెసరట్టు’ అన్నాడు. మీ ఆంటీకి ఆ మూడు రోజులూ ఒకటే దగ్గు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేది. జలుబు చేసిందేమో అనుకున్నాను.

వారం తిరిగేసరికి అసలు పరీక్ష మొదలుపెట్టాను. నేను టై కట్టుకుని వాడి మేనేజర్‌ని. వాడు వాడే. “చక్రీ, డు యు ప్రిఫర్ కాల్గరీ ఆర్ వాన్?” అని గొంతు మార్చి అడిగేవాణ్ణి. వాడు చెమటలు కక్కుతూ ‘ఐడ్... ఐడ్...’ అని నీళ్ళు నమిలి, చివరికి ‘యాజ్ యు విష్ సర్’ అనేవాడు. ఇంకో గ్లాసు. మళ్ళీ అడిగేవాణ్ణి, మళ్ళీ అంతే. నాకు తల తిరిగిపోయేది. అలా కాదురా, చూడు అని నేనే అటు కుర్చీలోకి మారి, వాడి బదులు చెప్పి చూపించేవాణ్ణి. ఆ రెండు వారాల్లో వాడు ఒకసారి అంటే నేను పదిసార్లు అని ఉంటాను. స్నానం చేస్తున్నా అవే నోట్లో ఆడేవి. బస్సులో ఒకామె సీటు కావాలా అంటే ‘ఐడ్ రాదర్ స్టాండ్’ అనేశాను, కాళ్ళు పీకుతున్నా సరే.

ఇంతలో డార్లీన్ సోమవారం ముంచుకొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం చక్రధర్ చేతులెత్తేశాడు.

“నా వల్ల కాదు బావా. టై కట్టుకున్న నిన్ను చూస్తే నాకు నవ్వొస్తుంది గానీ భయం రాదు. నిజం బాస్ ముందు ఎవరైనా నిలబడి చెప్తుంటే చూస్తే ధైర్యమొస్తుందేమో. నువ్వు మీ డార్లీన్‌ని ఎప్పుడైనా ఇలా అడిగావా?”

ఎప్పుడూ అడగలేదు. కానీ గురువు స్థానంలో కూర్చున్నాక కిందకి దిగడం ఎంత కష్టమో నీకు తెలీదు. అదెంత పని అన్నాను.

“అయితే రేపు చూపించు. నేనే కారులో దింపుతాను. మీ వాళ్ళకి డోనట్లు తెచ్చానని చెప్పి లంచ్ రూములో ఓ మూల నిలబడతాను. నువ్వు అడిగితే జీవితాంతం గురువుగారూ అంటాను. అడగలేకపోతే ఉగాది రోజు తెలుగు అసోసియేషన్ స్టేజీ ఎక్కి నాకు ఇంగ్లీషు రాదని మైకులో చెప్పాలి.”

మీ ఆంటీ వంక చూశాను, అడ్డుపడుతుందేమోనని. ఆవిడ పందెం బాగుంది అంది.

ఆ ఆదివారం నాకు అన్నం సహించలేదు. శిష్యుడి భవిష్యత్తు గురించి బెంగ అనుకున్నాను.

సోమవారం లంచ్ రూము నిండుగా ఉంది. తలకి వల టోపీలు పెట్టుకుని అందరూ కాఫీలు తాగుతున్నారు. చక్రధర్ డోనట్ల డబ్బా పట్టుకుని కాఫీ మెషీను పక్కన బడిపిల్లాడిలా నిలబడ్డాడు. డార్లీన్ వచ్చింది. డబ్బాలోంచి ఒకటి తీసుకుని కొరికి, నా వైపు తిరిగింది.

“రాజూ, యు ఫస్ట్. వాట్ వుడ్ యు లైక్?”

‘ఎనీథింగ్’ అనేది నాలుక చివరి దాకా వచ్చేసింది. చెంచా కూడా చేతిలోకి వచ్చింది. మూలనున్న చక్రధర్ కళ్ళింత చేసుకుని నన్నే చూస్తున్నాడు. వాడు ఇల్లు అమ్ముకుని వాన్ వెళ్ళిపోవడం నా కళ్ళముందు ఆడింది. దాని వెనకాలే కాల్గరీ ఆసుపత్రిలో నా కూతురు తలుపు వైపు చూడటం కూడా ఆడింది. నోట్లో మాట మింగేశాను.

“టు బి ఆనెస్ట్, డార్లీన్” అన్నాను.

అందరూ కప్పులు దించి నా వైపు తిరిగారు. ఆ మాట నా నోట ఎవరూ వినలేదు మరి. గుండె మీద చెయ్యేసుకున్నాను. ఆ పద్ధతి నేనే పుట్టించానని కూడా మర్చిపోయాను.

“ఐడ్ రాదర్ టేక్ క్రిస్మస్ టైమ్. మై డాటర్ ఈజ్ హావింగ్ ఎ బేబీ. ఐడ్ లవ్ టు బి దేర్.”

అక్కడితో ఆగాలి. పాఠం అంతే. కానీ లోపలున్నది ఆగలేదు.

“అండ్ ఏప్రిల్... ఐ కాంట్ స్టాండ్ ఏప్రిల్, డార్లీన్.”

డార్లీన్ కొరికిన డోనట్ అలాగే పట్టుకుని నన్ను చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నేను చేరిన ఏడాది ఏప్రిల్ ఇస్తే ఎంత సంతోషంగా నవ్వానో ఆవిడకి ఇప్పటికీ గుర్తుందట. ఈ మనిషికి ఏప్రిల్ అంటే ప్రాణం, పాపం పైకి అడగలేడు అనుకుందట. అప్పట్నుంచీ ఏటా ఎవరడిగినా ఇవ్వకుండా నా కోసం దాచి ఉంచుతోందట.

ఆ మాటకి రోడెల్ చేతిలో శాండ్‌విచ్ బల్ల మీద పెట్టేశాడు. ఈస్టర్‌కి మనీలా వెళ్ళాలని వాడు ఏటా ఆ సోమవారానికి ముందే డార్లీన్ దగ్గరికెళ్ళి ఏప్రిల్ అడుగుతాడట. అది రాజూది, ముట్టుకోవద్దు అని డార్లీన్ ఏటా తిప్పి పంపేస్తుందట. నా మీద కోపమొచ్చినా, పదేళ్ళ స్నేహమని ఇన్నాళ్ళూ నాతో అనలేదు. చూశావా, మొహమాటం మన జిల్లాల్లోనే పండుతుందనుకున్నాను నేను. లంచ్ రూమంతా పగలబడి నవ్వింది. ఏప్రిల్ రోడెల్‌కి పోయింది, డిసెంబరు నాకొచ్చింది. డార్లీన్ నా వీపు మీద ఒక్కటి చరిచి, బిడ్డ ఫోటో మొదట తనకే పంపాలి అంది.

చక్రధర్ గుమ్మం దగ్గర వంగి అందరి ముందూ నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. చూశావుగా, ఇప్పుడు నువ్వు వెళ్ళి అడుగు అన్నాను. మీ ఆశీర్వాదం గురువుగారూ అన్నాడు. మర్నాడు విమానమెక్కి కాల్గరీ వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా నేను నేల మీద నడిచిన గుర్తు లేదు. శనివారం ఇషితకి ఫోను చేసి సెలవు ఖాయమని చెప్పాను. సంతోషం పట్టలేక అది కేక పెట్టింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా. నా సెలవుదేముందే, మీ మావయ్య గండం కూడా గట్టెక్కించాను, వాణ్ణి ఇంక వాన్ పంపరు, రెండు వారాలు కూర్చోబెట్టి నోరు తెరిపించాను అన్నాను.

ఇషిత మధ్యలోనే అడ్డు తగిలింది.

“డాడ్, మావయ్యని ఎవరు పంపిస్తారు? హీ ఈజ్ ద మేనేజర్. నీకేది ప్రిఫరెన్స్ అని టీమ్‌లో అందరినీ అడిగేది మావయ్యే.”

“మరి కంపెనీ పని మీద ఇక్కడికొచ్చాడుగా?”

“వాళ్ళకి విన్నిపెగ్‌లో ఆఫీసే లేదు. మావయ్య వెకేషన్ తీసుకుని వచ్చాడు. పొద్దున్నే బ్యాగు వేసుకుని వెళ్ళి లైబ్రరీలో కూర్చునేవాడట. ఎవరు రమ్మన్నారో అమ్మనడుగు.”

ఫోను చేతిలో పట్టుకునే వంటింట్లోకి వెళ్ళాను. మీ ఆంటీ ఇషితకి పార్సిల్ పంపడానికి సున్నుండలు చుడుతోంది. నా మొహం చూడగానే ఆవిడకి సంగతి తెలిసిపోయింది. ఉండ చుట్టడం ఆపలేదు.

“ఏం చెయ్యమంటారు? మీకెవరు పాఠం చెప్పినా ఎక్కదు. అందుకని మీ చేతే చెప్పించాం” అంది.